జిప్సీ స్టీరింగ్ బాక్స్ మార్పిడి: 75 మి.మీ. వదులు నుంచి 17 దాకా

బండి మారుతీ జిప్సీ కింగ్, 1.3 పెట్రోల్. పవర్ స్టీరింగ్ లేదు. ముందు గట్టి యాక్సిల్, నాలుగు మూలలా లీఫ్ స్ప్రింగులు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, నీళ్లు నిలిచింది చెన్నైలో మా వేళచ్చేరి వీధిలో. బండి ముందు బంపర్ దాకా మునిగింది. తర్వాత ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, యాక్సిల్ ఆయిల్, బ్రేకులు అన్నీ మార్చారు. స్టీరింగ్ బాక్సు ఆయిల్‌కి మాత్రం ఏ జాబ్ కార్డులోనూ గడి లేదు.

ఇప్పుడు లక్షణాలు రెండు. నెల్లూరు వెళ్తుంటే గుమ్మిడిపూండి దాటాక 70 ఎక్కగానే బండి లేన్‌లో నిలవదు, ఎడమకీ కుడికీ దిద్దుతూనే ఉండాలి. అదే ఊళ్లో యూ టర్న్ తీసుకుంటే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, చేత్తో లాగాలి. మధ్యలో వదులు, పక్కల్లో బిగువు. ఏ వర్క్‌షాపుకి వెళ్లినా ఒకటే వైద్యం: బాక్సు మీదున్న స్క్రూని పావు చుట్టు బిగించి పంపడం. ఈ డైరీ రాయడానికి కారణం ఆ స్క్రూనే.

లోపల ఏముందో ముందు చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇది రీసర్క్యులేటింగ్ బాల్ రకం బాక్సు. స్టీరింగ్ షాఫ్ట్ చివర వర్మ్ (మరలాంటి గాడి ఉన్న కడ్డీ), దాని మీద బాల్ నట్, రెంటి మధ్య గాడిలో తిరిగే ఉక్కు గుండ్లు. నట్ ముందుకీ వెనక్కీ జరిగితే దాని పళ్లు సెక్టార్ షాఫ్ట్‌ని తిప్పుతాయి, ఆ షాఫ్ట్ కింది చివర పిట్‌మ్యాన్ ఆర్మ్ ఉంటుంది, చక్రాల వైపు వెళ్లే కడ్డీల్ని తోసేది అదే. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు పళ్లు కాస్త గట్టిగా కలుసుకునేలా, పక్కలకి తిప్పితే కొంచెం వదులుగా ఉండేలా తయారుచేస్తారు. కానీ బండి జీవితంలో ఎక్కువ భాగం నేరుగానే పోతుంది కాబట్టి మధ్య భాగమే ముందు అరుగుతుంది. అరిగాక పై స్క్రూ బిగిస్తే సెక్టార్ మొత్తం లోపలికి దిగుతుంది. మధ్యలో ప్లే, అంటే చక్రం కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే వదులు, తగ్గినట్టు కనిపిస్తుంది, అరగని పక్కలు మాత్రం పట్టేస్తాయి. నా బండి లక్షణాలు అచ్చం ఇవే.

దశ 1: ఎవరి వాటా ఎంత

బాక్సు మీద అనుమానం ఎంత ఉన్నా, విప్పే ముందు కొలత కావాలి. స్టీరింగ్ వీల్ రిమ్ దగ్గర కనిపించే ప్లే ఒక్క చోటిది కాదు. దారిలో ఉన్న కీళ్లన్నిటిదీ కలిపి.

సరంజామా: స్టీలు స్కేలు, ఒక గట్టి తీగ, మాస్కింగ్ టేపు, స్టీరింగ్ తిప్పడానికి మా బావమరిది.

1. టైర్లలో గాలి సరిచూసి, చక్రాలు నేరుగా పెట్టి, చదును నేల మీద నిలపాలి. జాకీ వద్దు. చక్రాల మీద బరువు ఉండాలి.
2. తీగని డ్యాష్‌బోర్డుకి టేపుతో అంటించి ముల్లులా రిమ్ దాకా తేవాలి.
3. ముందు చక్రం కదలడం మొదలయ్యేదాకా ఎడమకి, మళ్లీ కుడికి తిప్పి, రిమ్ మీద మొత్తం దూరం కొలవాలి.
4. ఇదే పనిలో చక్రానికి బదులు పిట్‌మ్యాన్ ఆర్మ్‌ని చూడాలి. అది కదలకముందు రిమ్ ఎంత తిరిగితే అంత ప్లే బాక్సుది, దాని పైనున్న షాఫ్టుది.
5. చివరగా, స్టీరింగ్ షాఫ్ట్‌ని బాక్సుకి కలిపే రబ్బరు కప్లింగ్ కింద బాక్సు షాఫ్ట్ మీద మార్కర్ గీత పెట్టి, కప్లింగ్ వాటా విడదీయాలి.

నేను బంపర్ కింద, వాడు సీట్లో. "బావా, కదిలిందా?" "లేదు, ఇంకా." ఈ మాటల మధ్య రిమ్ చాలా దూరమే పోయింది.

వచ్చిన లెక్క ఇది:
- మొత్తం: 75 మి.మీ.
- డ్రాగ్ లింక్ (పిట్‌మ్యాన్ ఆర్మ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ), టై రాడ్ (రెండు ముందు చక్రాల్ని కలిపే కడ్డీ) ఎండ్లు, అంటే వాటి చివరి కీళ్లు: 19
- కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన ఇరుసు) బేరింగులు, వీల్ బేరింగులు: 8
- రబ్బరు కప్లింగ్: 6
- బాక్సు: 42

మాన్యువల్ ఒప్పుకునేది 10 నుంచి 30 మి.మీ. అంటే మిగతావన్నీ కొత్తవి వేసినా ఈ బాక్సుతో 42 దగ్గరే ఆగుతాం. బాక్సు ఒక్కటే మార్చి మిగతావి వదిలేసినా 33 ఊరికే మిగులుతుంది. రెండు పనులూ చేయాల్సిందే అని ఇక్కడే తేలింది.

దశ 2: ముందు లింకులు

ఎండ్లు నాలుగూ మార్చాం. పాతవాటిలో డ్రాగ్ లింక్ ఎండ్ రబ్బరు బూట్ చిరిగి ఉంది, లోపల గ్రీజు బదులు ఎర్రటి బురద. కొత్తవి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొన్నాను. అక్కడ ఒకే పెట్టె రంగులో రెండు నాణ్యతలు దొరుకుతాయి. చేతిలోకి తీసుకుని బాల్ స్టడ్‌ని వేలితో ఊపి చూడండి. కొత్తది బిగువుగా, నెమ్మదిగా కదలాలి. తేలిగ్గా ఊగితే తిరిగి ఇచ్చేయండి. స్ప్లిట్ పిన్నులు పాతవి మళ్లీ వాడకూడదు.

కింగ్ పిన్‌కి బేరింగులు వేసి, షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) సరిచేశాం. ఇది ఎవరూ చూడని చోటు. టైర్‌ని పైనా కిందా పట్టుకుని ఊపితే వచ్చే కదలిక వీల్ బేరింగ్‌దా కింగ్ పిన్‌దా అని తెలియాలంటే, ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు కూడా కదిలితే కింగ్ పిన్.

కప్లింగ్ రబ్బరులో బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చేశాయి, అదీ మార్చాం.

ప్లే: 75 → 56 → 48 → 42 మి.మీ.
ఖర్చు: ఎండ్లు 2,400, కింగ్ పిన్ కిట్, గ్రీజు 2,100, కప్లింగ్ 650. మొత్తం రూ. 5,150.

దశ 3: పిట్‌మ్యాన్ ఆర్మ్ ఊడదీయడం

బాక్సుని చాసిస్‌కి పట్టుకున్నవి మూడు బోల్టులే. అవి తేలిక. అసలు కష్టం పిట్‌మ్యాన్ ఆర్మ్. స్ప్లైన్ల (షాఫ్ట్ చుట్టూ నిలువుగా ఉండే సన్న పళ్లు) మీద వాలుగా దిగి కూర్చుంటుంది, వానలో తడిసిన బండి అయితే తుప్పుతో అతుక్కుపోతుంది.

రెండు కాళ్ల బేరింగ్ పుల్లర్ కొన్నాను, రూ. 750. బిగిస్తూ పోతే కాళ్లు విచ్చుకుని ఆర్మ్ మీంచి జారిపోయాయి. కాళ్లకి జీ క్లాంపు వేసి మళ్లీ బిగిస్తే మధ్య స్క్రూ మరలు పోయాయి. ఈ పనికి ఆ రకం పుల్లర్ కొనకండి.

మిగిలిన సలహాలు సుత్తి, గ్యాస్ మంట. రెండూ వద్దన్నాను. షాఫ్ట్ చివర సుత్తితో కొడితే ఆ దెబ్బ నేరుగా లోపలి పళ్ల మీదా గుండ్ల మీదా పడుతుంది. ఆర్మ్‌ని ఎర్రగా కాలిస్తే దాని గట్టిదనం పోతుంది. బండి తిరగడమంతా ఆ ఒక్క ముక్క మీద ఆధారపడి ఉంది.

గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో గూడూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక లేత్ పెద్దాయన ఉన్నాడు. ఆర్మ్ కొలతలు కాగితం మీద గీసి చూపించాను.

"ఏంది అబ్బయా, దీనికి కాళ్ల పుల్లర్ ఎట్టా సరిపోద్ది? పట్టుకునేదానికి చోటేది?"

"మరేం చేద్దాం బాబాయ్?"

"ప్లేటు కోసి సీ ఆకారంలో చేసిస్తా. ఇరుక్కుని కూర్చుంటది, జారదు."

25 మి.మీ. మందం ఇనప ప్లేటు, మధ్యలో పెద్ద బోల్టు. రూ. 900. దానితో చేసిన పద్ధతి:

1. ఆర్మ్ మీదా షాఫ్ట్ చివరా సెంటర్ పంచ్‌తో ఒకే వరసలో చుక్కలు. మార్కర్ గీత డీజిల్‌కి పోతుంది.
2. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేయడం.
3. నట్‌ని పూర్తిగా తీయకుండా, రెండు మరలు మిగిలేలా వదలడం. ఆర్మ్ ఎగిరి కాలి మీద పడదు.
4. పుల్లర్ బోల్టుకి గ్రీజు రాసి, పొడుగు పానాతో బిగించడం.
5. బాగా బిగువెక్కాక, షాఫ్ట్ మీద కాకుండా ఆర్మ్ కన్ను పక్కన చిన్న సుత్తితో తట్టడం.

టప్పుమని వచ్చేసింది. బాక్సు దించాక చాసిస్ మీద బోల్టు రంధ్రాల చుట్టూ వైర్ బ్రష్‌తో రుద్ది పగుళ్లు వెతకాలి. ఇలాంటి బండ్లలో బాక్సు లాగుడంతా అక్కడే పడుతుంది. నా దాంట్లో పగులు లేదు, పెయింట్ మాత్రం పొట్టు లేచింది. జింక్ ప్రైమర్ కొట్టాం.

ఖర్చు మొత్తం: రూ. 6,800.

దశ 4: పాత బాక్సు విప్పితే

స్క్రూ లాక్ నట్ పైన మర దాదాపు కనిపించనే లేదు. దాన్ని ఎంత లోపలికి దించారో అదే సాక్ష్యం.

పై మూత తీస్తే మొదట గ్రీజు ముద్ద. ఎవరో నూనె కారుతోందని గ్రీజు కూరారు. ఈ బాక్సులో ఉండాల్సింది ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్. గ్రీజుని గుండ్లు ఒకసారి పక్కకి తోసేస్తే అది మళ్లీ గాడిలోకి రాదు, వర్మ్ పొడిగా తిరుగుతుంది. ఆ గ్రీజు అడుగున పాలు ఎక్కువైన టీ రంగులో నీళ్లు కలిసిన నూనె. తుఫాను నీళ్లు ఏడాదికి పైగా అక్కడే ఉన్నాయన్నమాట.

కిరసనాయిలుతో కడిగి చూస్తే:
- వర్మ్ గాడిలో, సరిగ్గా మధ్య భాగంలో, గోటికి తగిలే గుంటలు.
- గుండ్లలో కొన్ని మసకబారి, గరుకుగా.
- సెక్టార్ మధ్య పన్ను మీద మెరుస్తున్న మెట్టు.
- సెక్టార్ షాఫ్ట్ బుష్ బాగానే ఉంది.

విప్పకముందు బెంచి మీద ఒక కొలత తీసుకున్నాను, అది ముఖ్యం. ఇన్‌పుట్ షాఫ్ట్‌కి 200 మి.మీ. పొడవు ఇనప పట్టీ బిగించి, దాని చివర లగేజీ తూచే డిజిటల్ కాటా తగిలించి లాగాను. కదలడం మొదలైనప్పుడు అంకె:
- మధ్యలో: 100 గ్రాములు
- ఒక చుట్టు పక్కకి తిప్పాక: 700 గ్రాములు

ఉండాల్సింది దీనికి తలకిందులు. మధ్యలో ఎక్కువ, పక్కల్లో తక్కువ రావాలి. వర్మ్‌లో గుంటలు పడ్డాక కొత్త గుండ్లు వేసినా నిలవవు. బాక్సు మార్చడమే.

దశ 5: పుదుపేట

ఎగ్మూరు వెనక పుదుపేటలో విప్పిన బండ్ల భాగాలు వీధి పొడవునా గుట్టలుగా ఉంటాయి. జిప్సీ బాక్సులూ దొరుకుతాయి. అన్నిటికీ నల్ల పెయింట్ కొట్టి ఉంటుంది, అన్నీ "నల్ల కండిషన్ సార్" (తమిళంలో నల్ల అంటే మంచి). పెయింట్ వల్ల మనకి ఏమీ తెలియదు. కాటా, పట్టీ, చిన్న టార్చి వెంట తీసుకెళ్లాను.

కొనేముందు చూసినవి:

1. స్క్రూ మర ఎంత బయటికి ఉంది. బాగా లోపలికి దిగిపోయి ఉంటే ఆ బాక్సు అప్పటికే అరిగింది.
2. షాఫ్ట్‌ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా మెల్లగా తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సగానికి తేవడం. అదే మధ్య. చివర్లలో టక్కున కొట్టకూడదు, గుండ్లు తిరిగే గొట్టం వంగుతుంది.
3. మధ్యలో ఆగి సెక్టార్ షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పడం. టక్ టక్ తగలకూడదు.
4. తిప్పుతుంటే ఇసుక మీద నడిచినట్టు గరగర ఉంటే వదిలేయడం.
5. నూనె ప్లగ్ తీసి తీగ ముంచి చూడడం. ఎండిపోయి ఉన్నా ఫరవాలేదు, తుప్పు రంగు ఉంటే వద్దు.

ఒక దుకాణంలో చూపించింది మధ్యలో వదులుగా ఉంది. అడిగితే, "స్క్రూ టైట్ పణ్ణా సరియాయిడుం" (స్క్రూ బిగిస్తే సరైపోతుంది) అన్నాడు. ఇక్కడా అదే స్క్రూ. ఇంకో చోట, పెయింట్ కూడా వేయని, దుమ్ము పట్టిన బాక్సు దొరికింది. కాటా మధ్యలో 350, పక్కల్లో 300 చూపింది. స్క్రూ మర సగం పైగా బయటే ఉంది. పిట్‌మ్యాన్ ఆర్మ్‌తో సహా రూ. 4,200. బిల్లు అడిగి తీసుకోండి. విడిభాగం ఎక్కడిదని ఎప్పుడైనా ఎవరైనా అడగొచ్చు.

ఖర్చు మొత్తం: రూ. 11,000.

దశ 6: బెంచి మీద

ఆర్మ్ ఏ ప్రమాదం నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి డై పెనెట్రెంట్ కిట్ కొన్నాను: శుభ్రం చేసే స్ప్రే, ఎర్ర రంగు, తెల్ల పౌడరు, మూడు డబ్బాలు. పగులు ఉంటే తెలుపు మీద ఎర్రగీత తేలుతుంది. పుదుపేట ఆర్మ్ మీద స్ప్లైన్ కన్ను దగ్గర సన్నటి గీత తేలింది. దాన్ని పక్కన పడేసి, నా పాత ఆర్మ్‌నే పరీక్షించి వాడాను. ఈ కిట్ రూ. 1,100. చాలామందికి ఇది దండగ ఖర్చనిపిస్తుంది, నాకు మాత్రం ఈ పని మొత్తంలో పెట్టిన మంచి డబ్బు ఇదే.

బాక్సు కడిగి, కొత్త ఆయిల్ సీళ్లు, గాస్కెట్ వేసి సెట్టింగ్ చేసిన వరస:

1. లాక్ నట్ వదిలి, స్క్రూని పూర్తిగా వెనక్కి తీయాలి.
2. పక్కకి ఒక చుట్టు తిప్పి కాటా కొలత: 300 గ్రాములు. ఇది వర్మ్ బేరింగుల బిగువు. సరిగా ఉంది, ముట్టుకోలేదు.
3. మధ్యకి తెచ్చి, స్క్రూని కొంచెం కొంచెంగా దించుతూ, 450 గ్రాములు వచ్చే దగ్గర ఆపాలి.
4. స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించి, మళ్లీ కొలవాలి. నట్ బిగువుకి అంకె మారుతుంది. నాకు 520 అయింది, వెనక్కి తీసి మళ్లీ పెట్టాక 450.
5. రెండు పక్కలా పూర్తిగా తిప్పి ఎక్కడా పట్టడం లేదని చూసుకోవాలి.

స్క్రూకి న్యాయమైన పని ఇదొక్కటే. బాక్సు బెంచి మీద, ఆర్మ్ ఊడదీసి, చేతిలో కాటా ఉన్నప్పుడు. బండి మీద, చక్రాల బరువుతో, అన్ని లింకుల రాపిడి కలిసిన చోట స్క్రూ తిప్పితే బిగువు ఎక్కడ నుంచి వస్తోందో ఎవరికీ తెలియదు.

ఖర్చు: సీళ్లు, గాస్కెట్ 260, కిట్ 1,100, గేర్ ఆయిల్ 400. మొత్తం రూ. 12,760.

దశ 7: ఎక్కించడం, కారడం

కొత్త హై టెన్సైల్ బోల్టులు, లాకింగ్ నట్లు (రూ. 240). టార్క్ అంకెలు మీ మోడల్ మాన్యువల్‌లోవే వాడండి, అందాజు వద్దు. చుక్కలు కలిపి ఆర్మ్, దానికి డ్రాగ్ లింక్. చివరగా లెవెల్ దాకా ఎస్‌ఏఈ 90.

రాత్రి బాక్సు కింద అట్ట ముక్క పెట్టి వదిలేస్తే పొద్దున్నకి రూపాయి బిళ్లంత నూనె మరక. సెక్టార్ సీల్ కారుతోంది. సీల్ కొత్తదే, బుష్ గట్టిగానే ఉంది. మళ్లీ విప్పి షాఫ్ట్ మీద గోరు లాగితే కారణం దొరికింది: పాత సీల్ పెదవి ఏళ్ల తరబడి రాసుకున్న చోట సన్నటి గాడి. కొత్త సీల్ పెదవి సరిగ్గా అదే గాడిలో కూర్చుంది. ఇంకో సీల్ (రూ. 90) తెచ్చి, దాన్ని 2 మి.మీ. ఎక్కువ లోపలికి దించాను. పెదవి ఇప్పుడు అరగని చోట ఉంది. అట్ట పొడిగా ఉంది. పాత బాక్సులో గ్రీజు కూరినవాళ్లకీ వచ్చిన సమస్య ఇదే అయి ఉండాలి.

ఖర్చు మొత్తం: రూ. 13,090.

దశ 8: అలైన్‌మెంట్ దగ్గర గొడవ

బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ వీల్ ఎడమకి వాలి ఉంది. అలైన్‌మెంట్ షాపు కుర్రాడు వీల్ నట్ మీద సాకెట్ పెట్టేశాడు, ఊడదీసి స్ప్లైన్ మార్చి నేరుగా పెట్టడానికి. ఆపించాను.

వీల్ ఊడదీసి తిప్పితే కంటికి నేరుగా కనిపిస్తుంది, కానీ లోపల బాక్సు మధ్యలో ఉండదు. అప్పుడు బండి హైవే మీద నేరుగా పోతున్నంతసేపూ పళ్లు వదులుగా ఉండే పక్క భాగంలో నడుస్తాయి. కష్టపడి పెట్టిన 450 గ్రాముల చోటు ఎప్పుడూ వాడుకలోకి రాదు. ప్లే మళ్లీ మొదటికే. నా ఉద్దేశంలో చాలా బాక్సులకి "అరిగిపోయింది" అనే పేరు ఇలాగే వస్తోంది.

సరైన వరస:

1. ముందు టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండడం), టై రాడ్‌తో. నేను 4 మి.మీ. పెట్టించాను.
2. తర్వాత బాక్సుని మధ్యకి తెచ్చి, స్టీరింగ్ వీల్ నేరుగా ఉందో లేదో చూడడం. బాక్సు మధ్యలో ఉండగా వీల్ వాలి ఉంటే, అప్పుడు మాత్రమే స్ప్లైన్ మార్చాలి. నా దాంట్లో నేరుగానే ఉంది.
3. అలా పట్టుకుని, డ్రాగ్ లింక్ లాక్ నట్లు వదిలి, చక్రాలు నేరుగా వచ్చేదాకా దాని పొడవు మార్చడం.
4. లాక్ నట్లు బిగించి, రెండు చివర్ల బాల్ జాయింట్లూ ఒకే వాలులో ఉన్నాయా చూడడం. ఒకటి మెలితిరిగి ఉంటే లాక్ దాకా తిప్పినప్పుడు పట్టేస్తుంది.

కుర్రాడు నవ్వుతూనే చేశాడు, డ్రాగ్ లింక్ పని కూడా కలిపి రూ. 500. మొత్తం రూ. 13,590.

ప్లే: 42 → 17 మి.మీ.

దశ 9: రోడ్డు మీద, ఆ తర్వాత

నెల్లూరు దాకా వెళ్లొచ్చాం. సూళ్లూరుపేట దాటాక 80లో చేతి బరువు తప్ప దిద్దాల్సింది లేదు. యూ టర్న్ తర్వాత రిమ్ వదిలితే తనంతట తాను తిరిగి వస్తోంది. నిలబడి ఉన్నప్పుడు తిప్పడం మాత్రం అంతే బరువు. పవర్ లేని స్టీరింగ్ అలాగే ఉంటుంది. అది చూసి స్క్రూ వదులు చేయకండి.

తిరిగొచ్చాక మూడు బోల్టులకీ టార్క్ రెంచ్ పెట్టాను. ఒకటి కాస్త తిరిగింది, కొత్త పెయింట్ నలిగి ఉంటుంది. ప్లే మళ్లీ కొలిస్తే 19.

నేను పెట్టుకున్న పద్ధతి:
- ప్రతి ఇంజన్ ఆయిల్ మార్పుకీ: రిమ్ ప్లే కొలత, ఎండ్ల బూట్లు, బాక్సు కింద మరక, బోల్టులు.
- ఏడాదికోసారి, వానాకాలం పోయాక: ప్లగ్ తీసి తీగ ముంచి నూనె రంగు. తెల్లబడితే సిరంజితో లాగేసి కొత్తది.
- నీళ్లలో నిలిచిన బండికి: వారం కూడా ఆగకుండా వెంటనే అదే పని.
- స్క్రూ లాక్ నట్ మీద పసుపు పెయింట్ గీత. ఎవరైనా తిప్పితే గీత విరుగుతుంది.

ఇంకా మిగిలిన పని: ముందు ఎడమ స్ప్రింగ్ షాకిల్ బుష్ ఊగుతోంది, బ్రేకు కొట్టినప్పుడు బండి కొద్దిగా ఎడమకి లాగేది దానివల్లే. బుష్‌లు కొన్నాను, రూ. 480. మొత్తం రూ. 14,070. పాత వర్మ్‌ని లేత్ పెద్దాయన అడిగి తీసుకున్నాడు, కొత్తగా చేరిన పిల్లలకి చూపించడానికట.